కాలు ఎప్పుడు తియ్యాలి: గుర్రపు స్వారీలో నా అనుభవం

గుర్రం మీద పడిపోకుండా కూర్చోవడం కొన్ని నెలల్లో ఎలాగోలా వచ్చేస్తుంది. ట్రాట్‌లో (అంటే చిన్న పరుగులో) లేచి కూర్చోవడం, కాంటర్‌లో (అంతకంటే వేగమైన దౌడులో) జీను వదలకుండా ఉండటం, రికాబులో పాదం సరిగ్గా పెట్టుకోవడం, ఇవన్నీ ఒంటికి అలవాటయ్యే పనులు. ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు చాలాకాలం తెలియలేదు. నేను ఎక్కువగా ఎక్కే ఆడ గుర్రం పేరు శ్యామ. నేను ఎక్కితే అది మొద్దులా నడిచేది, నాలుగడుగులకోసారి డొక్కలో మడమతో పొడవాల్సి వచ్చేది, ఆపాలంటే పగ్గాలు లాగి లాగి నా భుజాలు నొప్పి పుట్టేవి. అదే గుర్రాన్ని మా ట్రైనర్ ఎక్కితే ఆయన ఏమీ చెయ్యనట్టే కనిపించేవారు, అది మాత్రం చెవి అటు తిప్పి ఇటు తిప్పి ఆయన మనసులో మాట విన్నట్టు నడిచేది. గుర్రం అదే, జీను అదే, నేల అదే. మరి తేడా ఎక్కడుందో కనిపెట్టే పనిలో పడ్డాక నా స్వారీ ఎలా మారిందో రాస్తున్నాను. ఎక్కడం నేర్చుకుని ఆ తర్వాత ఒకచోట ఆగిపోయినవాళ్ళకి ఇందులో ఏదో ఒకటి పనికిరావచ్చు.

ట్రైనర్ చేసిన మొదటి పని నన్ను కిందకి దింపడం. గుర్రం పక్కన నిలబెట్టి, స్వారీలో నా పిక్క తగిలే చోట చూపుడువేలితో మెల్లగా నొక్కమన్నారు. నొక్కాను. ఏమీ జరగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కబోతే, "పెంచకండి, అలాగే ఉంచండి, చెవి చూడండి" అన్నారు. చూస్తే ఎడమ చెవి నా వైపు తిరిగింది. తర్వాత బరువు అవతలి కాలి మీదకి మారింది. తర్వాత ఒక్క అడుగు పక్కకి జరిగింది. "ఇప్పుడు తియ్యండి!" అని ఆయన అనే లోపే రెండో అడుగు కూడా వేసేసింది, నా వేలు ఇంకా అక్కడే ఉంది. మళ్ళీ చేయించారు, మళ్ళీ మళ్ళీ చేయించారు. వేలు సరిగ్గా అడుగు కదిలే క్షణంలో తియ్యడం నాకు అలవాటయ్యేసరికి, నొక్కాల్సిన అవసరమే తగ్గిపోయింది, వేలు దగ్గరకి తీసుకెళితే చాలు పక్కకి జరిగేది.

గుర్రం చర్మం ఎంత సున్నితమైనదో అందరికీ తెలిసిందే, ఈగ వాలితే ఆ ఈగ వాలిన చోట మాత్రమే చర్మం జలదరించి దాన్ని తోలేస్తుంది. చర్మం కింద దానికోసమే పలచని కండరం ఒకటి ఉంటుంది. ఈగ బరువు తెలిసే ఒంటి మీద గంటసేపు మడమలతో దరువు వేస్తుంటే అది ఏం చేస్తుంది? పట్టించుకోవడం మానేస్తుంది. అది మొద్దు గుర్రం అయిపోయిందని మనం అనుకుంటాం, నిజానికి అర్థంలేని మోతని వినకుండా ఉండటం నేర్చుకున్న తెలివైన గుర్రం అది.

ఇక్కడ అసలు విషయం ఏమిటంటే గుర్రానికి ఒత్తిడి ఏమీ నేర్పదు, ఒత్తిడి పోవడం నేర్పుతుంది. కాలు తగిలితే దానికి అదొక చిన్న ఇబ్బంది, అంతే. ఏం చేస్తే ఆ ఇబ్బంది పోతుందా అని వెతుక్కుంటుంది. ముందుకి నడిచిన క్షణంలో కాలు తేలికైతే, "ఓహో, ఇదన్నమాట" అని గుర్తుపెట్టుకుంటుంది. నడిచినా కాలు అలాగే బిగుసుకుని ఉంటే నడవడానికీ కాలికీ సంబంధం లేదనే గుర్తుపెట్టుకుంటుంది. శిక్షణ శాస్త్రంలో దీన్ని నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటారు, పేరు చూసి అదేదో శిక్ష అనుకోకండి, శిక్షకి ఇది పూర్తిగా వేరు. ఇది చదివితే చాలా సులువుగా ఉంటుంది. గుర్రం మీద కూర్చుని, అటూ ఇటూ ఊగుతూ, అది అడుగు వేసిన ఆ అర క్షణంలోనే కాలు తియ్యడం మాత్రం సులువు కాదు, ఎందుకంటే పడిపోతానేమోనన్న భయం ఏ మూలో ఉన్నంతకాలం కాళ్ళు వాటంతట అవే బిగుసుకుంటాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది, గుర్రం మనం నేర్పాలనుకున్నది నేర్చుకోదు, మనం వదిలిన క్షణంలో ఏం చేస్తుందో అది నేర్చుకుంటుంది. పగ్గాలు పట్టుకోగానే తల విదిలించే గుర్రాలు చాలాచోట్ల కనిపిస్తాయి. వాటిలో కొన్నింటికి పంటి నొప్పో నోట్లో పుండో ఉంటుంది, అది ముందు చూడాలి. కానీ చాలావాటికి ఎవరో ఒకరు, అది తల విదిలించినప్పుడల్లా ఉలిక్కిపడి పగ్గాలు వదిలేసి, తల విదిలిస్తే చేతులు వదులుతాయి అని చక్కగా నేర్పిపెట్టి ఉంటారు.

పైకి ఎక్కాక ట్రైనర్ పెట్టిన పద్ధతి ఇది. అడగని సమయంలో కాలు ఊరికే వేలాడుతూ ఉండాలి, గుర్రం ఒంటికి ఆనీ ఆననట్టు. అడగాలంటే ముందు నేను నిటారుగా కూర్చుని ఊపిరి తీసుకోవాలి. దానికి జవాబు రాకపోతే పిక్కతో ఒక్కసారి మెల్లగా. దానికీ రాకపోతే ఒక్కసారి గట్టిగా, లేదా చేతిలోని కొరడాతో కాలి వెనక చిన్న తట్టు. జవాబు వచ్చిందా, అన్నీ మాయం. మళ్ళీ అడిగేటప్పుడు మాత్రం గట్టి దగ్గర మొదలుపెట్టకూడదు, ఊపిరి దగ్గరే మొదలుపెట్టాలి. ఈ చివరి నియమమే అన్నిటికంటే కష్టం. మనిషికి సహనం తక్కువ, ఒకసారి గట్టిగా అడిగితే పని జరిగింది కదా అని తర్వాత కూడా అక్కడే మొదలుపెట్టాలనిపిస్తుంది. శ్యామ మొదట్లో ఊపిరిని అసలు లెక్కచెయ్యలేదు. కొన్ని వారాలు పోయాక ఒకరోజు నేను ఊపిరి పీల్చుకుని పిక్క కదిలించబోయే లోపే అడుగు ముందుకి వేసింది. నేను ఎంత సంబరపడ్డానంటే వెంటనే జీను మీద ముందుకి వంగి మెడ నిమిరాను, అదేమో ఆగమన్నాననుకుని టక్కున ఆగిపోయింది.

తర్వాత లంజ్ మొదలైంది. పొడవాటి తాడు ట్రైనర్ చేతిలో ఉంటుంది, గుర్రం ఆయన చుట్టూ వలయంలో తిరుగుతుంది, మనకి పగ్గాలు ఉండవు, కొన్నాళ్ళకి రికాబులూ ఉండవు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో కొత్తగా చేరినవాళ్ళని ఇలాగే నెలల తరబడి తిప్పుతారు. నాకు మొదట ఇది పిల్లలకి పెట్టే పాఠంలా అనిపించి కొంచెం నామోషీగా కూడా ఉండింది. కానీ చేతిలో పట్టుకోవడానికి ఏమీ లేకపోతేనే మనం ఇన్నాళ్ళూ దేన్ని పట్టుకుని వేలాడుతున్నామో తెలుస్తుంది. నేను పగ్గాలు పట్టుకుని వేలాడేవాణ్ణి, అంటే గుర్రం నోరు పట్టుకుని. కళ్ళెం ఇనుము ఆనేది ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీగా ఉండే చిగురు మీద, పలచని చర్మం కింద నేరుగా ఎముక. నా బ్యాలెన్స్ తప్పినప్పుడల్లా ఆ చోట ఒక కుదుపు.

లంజ్‌లో ట్రైనర్ అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఇప్పుడు ఏ కాలు?" కళ్ళు మూసుకుని, గుర్రం వెనక కాళ్ళలో ఏది నేల వదులుతోందో చెప్పాలి. మామూలు నడకలో నాలుగు గిట్టలూ విడివిడిగా పడతాయి, నాలుగు దెబ్బలు. ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్ళు జతగా పడతాయి, రెండు దెబ్బలు. కాంటర్‌లో మూడు దెబ్బలు, ఆ తర్వాత నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే ఒక క్షణం. ఇదంతా ముందే తెలుసు నాకు. తెలియడం వేరు, పిరుదుల కింద ఉండే రెండు ఎముకలతో వినడం వేరు. మొదట్లో ఊహించి చెప్పేవాణ్ణి, సగం తప్పు. తర్వాత ఒక విషయం పట్టుబడింది. గుర్రం ఎడమ వెనక కాలు లేచి ముందుకి వస్తున్నప్పుడు దాని పొట్ట కుడివైపు ఊగుతుంది, ఎడమవైపు నా తుంటి కొంచెం కిందకి జారి ఎడమ కాలు దానంతటదే గుర్రం పక్కకి ఆనుతుంది. కుడి కాలు లేచినప్పుడు దీనికి సరిగ్గా ఎదురు. అంటే గుర్రమే తన నడకతో నా కాళ్ళని ఒకదాని తర్వాత ఒకటి తన దగ్గరికి పిలుచుకుంటోంది.

ఇది పట్టుబడ్డాక కాలు ఎప్పుడు వాడాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. వెనక కాలు నేల మీద బరువు మోస్తున్నప్పుడు దాన్ని ఇంకా ముందుకి వెయ్యమంటే అది ఎలా వేస్తుంది, వెయ్యలేదు. నేల వదులుతున్న క్షణంలో అడిగితే అదే కాలు ఇంకో జానెడు ముందుకి పడుతుంది. కాలు తనంతట తాను ఆనినప్పుడే పిక్కతో ఒక్క మాట చెప్పాలి, అంతే. అంతకుముందు నేను రెండు కాళ్ళతో ఒకేసారి పొడిచేవాణ్ణి, అందులో సగం అది ఏమీ చెయ్యలేని సమయంలో పడేవి. నాకు బాగా గుర్తు, ఈ పద్ధతిలో మొదటిసారి నడక సాగదీసినప్పుడు కొరడా కూడా చేతిలో లేదు, శ్యామ మెడ పొడుగు చేసుకుని, వీపు వదులు చేసి, ఎక్కడికో పని ఉన్నట్టు నడిచింది.

ఇక చేతుల సంగతి. "చేతులు కదలకుండా పెట్టుకోండి" అని మొదటి రోజు నుంచి వింటాం, దాన్ని మనం చేతుల్ని బిగించడం అని అర్థం చేసుకుంటాం. నడకలోనూ కాంటర్‌లోనూ గుర్రం తల ప్రతి అడుగుకీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ట్రాట్‌లో మాత్రం దాదాపు నిలకడగా ఉంటుంది. కాబట్టి చేతులు మనకి కదలకుండా ఉండటం కాదు కావాల్సింది, గుర్రం నోటికి కదలనట్టు అనిపించాలి, దానికోసం నడకలో మోచేతులు తెరుచుకుని మూసుకుంటూ ఉండాలి, ట్రాట్‌లో మనం లేచి కూర్చుంటుంటే చేతులు మాత్రం లేవకూడదు. ఇది తెలిశాక పగ్గాల పొడవంతా ఒకే రకమైన మెత్తని పట్టు వచ్చింది. దాని మీద వేలు ఒకటి ముడిస్తే అది మాటలా వినిపిస్తుంది. అంతకుముందు అది గోలలో ఇంకో గోల.

ఆపడం కూడా అలాగే మారింది. లాగి ఆపితే గుర్రం ఎదురు లాగుతుంది, అయిదారు వందల కిలోల జంతువుతో ఆ పోటీలో గెలిచే మనిషి లేడు. ఇప్పుడు నేను చేసేది: ఊపిరి వదులుతాను, నడుము ఊగడం ఆపేస్తాను, తొడలు కొంచెం దగ్గరవుతాయి, వేళ్ళు మూసుకుంటాయి. సాధారణంగా వేళ్ళ దాకా రాకముందే ఆగుతుంది. ఆగగానే వేళ్ళు వదలాలి, ఇక్కడ కూడా అదే సూత్రం.

మలుపు తిప్పడం గురించి ఒక్క మాట. లోపలి పగ్గం, అంటే తిరిగే వైపు పగ్గం, లాగితే గుర్రం మెడ మాత్రమే వంగుతుంది, ఒళ్ళు తిన్నగానే పోతుంటుంది, బయటి భుజం పక్కకి జారిపోతుంది. నేను వెళ్ళాల్సిన చోటుకి చూస్తే నా భుజాలు తిరుగుతాయి, తుంటి తిరుగుతుంది, బరువు మారుతుంది, అది గుర్రానికి వీపు మీద తెలుస్తుంది. లోపలి కాలి చుట్టూ అది వంగుతుంది, బయటి పగ్గం భుజాన్ని జారిపోకుండా కాస్తుంది. చూపుతోనే సగం మలుపు అయిపోతుంది అని ట్రైనర్ అంటే అతిశయోక్తి అనుకున్నాను. శ్యామ చెవుల మధ్య నుంచి నేల వైపు చూస్తూ ఒక వలయం తిప్పండి, తర్వాత వలయం అవతలి అంచు చూస్తూ ఇంకోటి తిప్పండి, మీకే తెలుస్తుంది.

హాఫ్ హాల్ట్ అనేది మాత్రం నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది, ఇప్పటికీ పూర్తిగా వచ్చిందని చెప్పను. పుస్తకాల భాషలో చెబితే అదో పెద్ద శాస్త్రం. నాకు పనికొచ్చిన వివరణ ఏమిటంటే, ఆపుతానని మొదలుపెట్టి, గుర్రం ఆగడానికి సిద్ధమై బరువు వెనక కాళ్ళ మీదకి తీసుకున్న క్షణంలో మనసు మార్చుకుని "సరే పద" అనడం. ఒక్క అడుగులో అయిపోయే వ్యవహారం. ఏదైనా మారబోయే ముందు, మలుపైనా, నడక నుంచి ట్రాట్ అయినా, కాస్త చెవి ఇటు పెట్టు అని చెప్పడానికి అది.

ఇంతవరకూ మనం కావాలని చెప్పే మాటల గురించి. అసలు గొడవంతా మనకి తెలియకుండా చెప్పేవాటితో. 1900ల మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది, దాని యజమాని విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే లెక్కల మాస్టారు. అది కూడికలూ తీసివేతలూ చేసి గిట్టతో నేల మీద తట్టి జవాబు చెప్పేది. మోసం ఏమీ లేదు, యజమాని లేకపోయినా వేరేవాళ్ళు అడిగినా చెప్పేది. 1907లో ఓస్కర్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన పరీక్షించి చూస్తే, అడిగే మనిషికి జవాబు తెలియకపోతే హాన్స్‌కీ తెలియదని, అడిగే మనిషి కనిపించకపోతే కూడా చెప్పలేదని తేలింది. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగినవాళ్ళ తల వాళ్ళకే తెలియనంత కొద్దిగా పైకి లేస్తుంది, హాన్స్ అది చూసి తట్టడం ఆపేస్తుంది. ఈ కథ చెప్పి చాలామంది గుర్రానికి లెక్కలు రావని నవ్వుతారు. నాకేమో కళ్ళు తిరుగుతాయి, ఎందుకంటే అంత దూరం నుంచి తల వెంట్రుకవాసి కదలడం చూసి పట్టుకున్న జంతువు వీపు మీద నేను మొత్తం ఒంటితో కూర్చుంటున్నాను.

మా ఎరీనాలో, అంటే స్వారీ చేసే ఆవరణలో, ఒక మూల ఉంది, దాని అవతల చెట్లు, ఎప్పుడూ ఏదో ఒకటి కదులుతూ ఉంటుంది. శ్యామ అక్కడ ఒకసారి బెదిరి పక్కకి దూకింది, నేను మెడ పట్టుకుని ఎలాగో నిలిచాను. ఆ తర్వాత నుంచి ఆ మూల వచ్చే ముందే నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి, పగ్గాలు కొంచెం పొట్టి చేసుకునేవాణ్ణి, కళ్ళు ఆ మూల మీదే. పది గజాల ముందు నుంచే దానికి నేను అక్కడ పులి ఉంది అని చెబుతున్నానన్నమాట. స్వీడన్‌లో ఒక పరిశోధన జరిగింది, 2009లో వచ్చింది. గుర్రాన్ని ఒకే దారిలో కొన్నిసార్లు నడిపించారు, చివరిసారి మాత్రం మీరు దాటుతుండగా గొడుగు ఒకటి తెరుస్తాం అని మనిషికి ముందే చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా ఆసారి మనిషి గుండె వేగం పెరిగింది, గుర్రం గుండె వేగం కూడా పెరిగింది, పైన ఎక్కినప్పుడే కాదు, పక్కన తాడు పట్టుకుని నడిపించినప్పుడు కూడా. టెన్షన్ పడకండి అని సలహా ఇవ్వడం తేలిక. పడకుండా ఉండటం మన చేతిలో లేదు, కానీ ఊపిరి మన చేతిలో ఉంది. ఆ మూల దగ్గరికి వచ్చేటప్పుడు నేను గట్టిగా వినిపించేలా ఊపిరి వదలడం, చూపుని మూల మీద నుంచి తీసి ఆ తర్వాత వచ్చే అక్షరం బోర్డు (ఎరీనా అంచున గుర్తుగా పెట్టేది) మీద పెట్టడం, గుర్రం ముక్కుని కొంచెం లోపలికి తిప్పి లోపలి కాలితో పని చెప్పడం మొదలుపెట్టాను. దానికి చెయ్యడానికి ఏదో పని ఉండాలి, నాకూ ఉండాలి. పాట పాడితే కూడా పనిచేస్తుంది, పాడుతూ ఊపిరి బిగబట్టడం కుదరదు కదా. నా గొంతు విని పక్కన స్వారీ చేసేవాళ్ళు ఏమనుకున్నారో నాకు అనవసరం.

భయపడటానికి దానికి కారణాలు కూడా ఉంటాయి. గుర్రం దాదాపు 350 డిగ్రీలు చూడగలదు, సరిగ్గా నుదుటి ముందూ, తోక వెనకా మాత్రమే కనిపించదు. ఎండలోంచి నీడలోకి వెళితే దాని కళ్ళు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సమయం తీసుకుంటాయి. చీకటి షెడ్డు గుమ్మం దగ్గర ఆగిపోయిన గుర్రం మొండికేసిందని కొట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్క క్షణం ఆగనివ్వండి.

చెప్పడం ఇంత నేర్చుకున్నాక కూడా వినడం మిగిలే ఉంది. గుర్రం ఊరికే ఉండదు, స్వారీ అంతా జవాబులు చెబుతూనే ఉంటుంది. ఒక చెవి నా వైపు తిరిగి ఉంటే వింటోంది. రెండు చెవులూ ముందుకి రిక్కించి తల ఎత్తితే నన్ను మర్చిపోయి దూరంగా దేన్నో చూస్తోంది, అప్పుడు కొత్త పాఠం చెప్పి లాభం లేదు. చెవులు మెడకి అతుక్కుపోయాయంటే ఏదో నచ్చట్లేదు. ముక్కులోంచి ఫుర్రుమని పొడుగ్గా ఊపిరి వదిలితే చాలాసార్లు ఒళ్ళు వదులవుతున్నట్టు. తోక ఈగలు లేకుండానే విసురుతుంటే, పళ్ళు కొరుకుతుంటే, అడిగిన పని దానికి కష్టంగానో నొప్పిగానో ఉంది. ఒక గుర్తు పట్టుకుని తీర్పు చెప్పకూడదు, రెండు మూడు కలిపి చూడాలి, రోజూ ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి.

దీనికి నాకు ఎదురైన ఉదాహరణ ఒకటుంది. ఒక సీజన్‌లో శ్యామ ఎడమ కాంటర్, అంటే ఎడమ ముందు కాలు ముందుకి సాగే కాంటర్, చెయ్యనని భీష్మించుకుంది. కుడివైపు శుభ్రంగా చేస్తుంది, ఎడమవైపు అడిగితే చెవులు వెనక్కి, తోక విసురు, ట్రాట్‌లోనే పరుగు. అక్కడివాళ్ళలో ఇద్దరు ముగ్గురు అది మిమ్మల్ని ఆడిస్తోంది, రెండు తగిలించండి అన్నారు. ట్రైనర్ మాత్రం జీను తీయించి, మూపు వెనక నుంచి నడుము దాకా అరచేత్తో నొక్కుతూ వెళ్ళారు. ఎడమ భుజం వెనక ఒక చోట చెయ్యి పడగానే వీపు కిందకి దిగిపోయింది. జీను ముందు భాగం అక్కడ నొక్కుతోంది, కొన్ని నెలల్లో దాని కండ పెరిగి ఒళ్ళు మారింది, జీను మారలేదు. కొన్నాళ్ళు విశ్రాంతి ఇచ్చి, ఒంటికి సరిపోయే జీను వేశాక ఎడమ కాంటర్ తిరిగొచ్చింది. చెయ్యనంది నిజమే, ఎందుకు చెయ్యదో కూడా తనకి వచ్చిన భాషలో మొదటి రోజే చెప్పింది. అందుకే ఇప్పుడు ఏ గుర్రమైనా కొత్తగా ఏదైనా చెయ్యనంటే నా వరస ఇది: ముందు వీపు, నోరు, గిట్టలు, జీను. తర్వాత నేను ఎలా అడుగుతున్నాను. ఈ రెండూ సరిగ్గా ఉన్నాయని తేలితేనే మూడో మాట.

గుర్రానికి బాస్ ఎవరో చూపించాలి అనే మాట లాయాల్లో తరచుగా వినిపిస్తుంది. నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. గుర్రం మన మీద పెత్తనం చెయ్యాలని పథకాలు వేస్తుందనుకోవడానికి నాకు ఎప్పుడూ ఆధారం కనిపించలేదు, దానికి అర్థం కాకపోవడం, భయం, నొప్పి, లేదా పాత రోజుల్లో వేరే ఎవరో నేర్పిన వేరే అర్థం, ఈ నాలుగింటిలోనే జవాబు దొరికింది. అలాగని అన్నీ ముద్దుగా వదిలెయ్యమని కాదు. తాడు పట్టుకుని నడిపేటప్పుడు నా మీదకి ఎక్కి వస్తే వెనక్కి పంపుతాను, కచ్చితంగా పంపుతాను, వెళ్ళగానే ఊరుకుంటాను. ఒకరోజు ఒక రకంగా, ఇంకోరోజు ఇంకో రకంగా ఉండకపోవడమే గుర్రానికి మనం చెయ్యగల మేలు. ఒక సంజ్ఞకి ఒకటే అర్థం ఉండాలి. కాలితో ముందుకి వెళ్ళమని, చేతులతో ఆగమని ఒకేసారి చెప్పేవాళ్ళు ఎంతమందో చూడండి, గుర్రం తోక చూస్తే తెలిసిపోతుంది.

ఈమధ్య ట్రైనర్ నన్ను వేరే గుర్రం మీదకి మార్చారు, చిన్న వయసు, సన్నటి చర్మం, శ్యామకి మెల్లగా అనిపించేది దీనికి కేకలా వినిపిస్తుంది. మొదటి రోజు నేను తిన్నగా వెళ్ళమంటే అది కుడివైపుకి జరుగుతూనే ఉంది. కుడి కాలితో సర్దాను, మళ్ళీ జరిగింది. వెనక నుంచి వీడియో తీయించి చూస్తే తెలిసింది, నేను కుడి పిరుదు ఎముక మీద ఎక్కువ బరువు వేసి కూర్చుంటున్నాను, ఎడమ భుజం పైకి, కుడి నడుము కుంగి. అది నా బరువు ఎటు ఉంటే అటు, బుద్ధిగా, అడిగినట్టే వెళుతోంది. శ్యామ ఇన్నాళ్ళూ నా వంకరని సర్దుకుని నడిచిందన్నమాట. ఇది గుర్రం మీద కూర్చుని సరిదిద్దుకునే వ్యవహారం కాదు, కింద రోజూ ఒంటికాలి మీద నిలబడటం, నడుము కండరాలకి వ్యాయామం, కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా ఏ పక్కకి ఒరుగుతున్నానో చూసుకోవడం, ఇలా సాగుతోంది.

దానితో ఇప్పుడు చేస్తున్న పని నడక నుంచి నేరుగా కాంటర్. కాంటర్ మొదలయ్యేది బయటి వెనక కాలితో, ఎడమ కాంటర్ అయితే కుడి వెనక కాలు. కాబట్టి ఆ కాలు నేల మీద పడబోయే ముందు అడగాలి: లోపలి ఎముక కొంచెం ముందుకి, లోపలి కాలు జీను పట్టీ దగ్గర, బయటి కాలు జానెడు వెనక్కి, ఊపిరి లోపలికి. సమయం కుదిరితే ఎగిరినట్టుగా లేస్తుంది, కుదరకపోతే రెండడుగులు ట్రాట్ చేసి, చెవి ఒకటి నా వైపు తిప్పి, మళ్ళీ సరిగ్గా అడుగుతానేమోనని చూస్తుంది. అప్పుడు తొందరపడి వెంటనే అడగకుండా, మళ్ళీ నడకకి తెచ్చి, ఏ కాలు పడుతోందో రెండు మూడు అడుగులు లెక్కపెట్టుకుని అడుగుతున్నాను. ఎడమవైపు చాలావరకు కుదురుతోంది. కుడివైపు ఆ నడుము వంకర ఇంకా అడ్డొస్తోంది, వచ్చే నెలంతా కుడివైపే చేయిస్తానని ట్రైనర్ అన్నారు.